సింగపూర్ బొటానిక్ గార్డెన్స్‌కి టికెట్ కొనబోతున్నారా? ఆగండి

సింగపూర్ వెళ్తూ బొటానిక్ గార్డెన్స్‌కి ఆన్‌లైన్లో టికెట్ కొనబోయేవాళ్ళు ఎవరైనా ఉంటే, కార్డు లోపల పెట్టేయండి. ఆ తోటకి టికెట్టే లేదు. పొద్దున 5 నుంచి అర్ధరాత్రి 12 దాకా ఎవరైనా ఊరికే నడుచుకుంటూ లోపలికి వెళ్ళొచ్చు. ఈ సంగతి నాకు తెలిసేసరికి ముగ్గురికీ కలిపి 74 సింగపూర్ డాలర్లు కట్టేసి ఉన్నాను.

ప్రయాణానికి వారం ముందు, రాత్రి నిద్ర కళ్ళతో ఫోన్లో వెతుకుతుంటే టికెట్లు అమ్మే సైట్ ఒకటి అన్నిటికన్నా పైన కనబడింది. పేరు రాయను. ‘క్యూలో నిలబడకుండా నేరుగా ప్రవేశం’ అని పెద్ద అక్షరాలు. పెద్దవాళ్ళకి 28, పిల్లలకి 18. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఆ ఎండలో ఆవిణ్ణి నిలబెట్టడం ఎందుకని మారు ఆలోచించకుండా కొనేశాను.

నిజానికి అక్కడున్న ఫొటో చూసినప్పుడే అనుమానం రావాల్సింది. అందులో ఉన్నవి గొడుగుల్లా విచ్చుకున్న లోహపు చెట్లు, సూపర్‌ట్రీలు. అవి మెరీనా బే దగ్గరున్న గార్డెన్స్ బై ద బేలో ఉంటాయి. అది పూర్తిగా వేరే తోట, 2012లో తెరిచారు. బొటానిక్ గార్డెన్స్ 1859 నాటిది, యునెస్కో 2015లో వారసత్వ స్థలంగా గుర్తించింది దీన్నే. కొత్తగా వెళ్ళేవాళ్ళం ఈ రెండింటినీ కలిపేసుకుంటాం, అమ్మేవాళ్ళకి కావాల్సిందీ అదే.

ఇక ఆ రోజు సంగతి. మెయిల్లో చెప్పినట్టే బొటానిక్ గార్డెన్స్ ఎమ్మార్టీ (మెట్రో రైలు) స్టేషన్లో దిగాం. బుకిట్ తిమా గేటు దగ్గర కౌంటర్ లేదు, అడిగే మనిషి లేడు. జాగింగ్ చేసేవాళ్ళు, కుక్కల్ని తిప్పేవాళ్ళు వస్తూ పోతూ ఉన్నారు. క్యూఆర్ కోడ్ తెరిచిన ఫోన్ చేత్తో పట్టుకుని, ఎవరికి చూపించాలో తెలీక కాసేపు అక్కడే నిలబడ్డాను. తొమ్మిదేళ్ళ మా అబ్బాయి "నాన్నా, మనం తప్పించుకున్న క్యూ ఏది?" అన్నాడు.

పోనీలే, లోపలున్న నేషనల్ ఆర్కిడ్ గార్డెన్‌కి పనికొస్తుంది కదా అనుకున్నాను. దానికి మాత్రం నిజంగానే టికెట్ ఉంది. కానీ తోట ఉత్తరం నుంచి దక్షిణానికి బాగా పొడుగు. మేం దిగింది ఉత్తరం కొసన, ఆర్కిడ్లేమో చాలా లోపల. అమ్మ మూడు బెంచీల మీద కూర్చుని లేచి వచ్చింది. తీరా అక్కడ కౌంటర్లో అమ్మాయి కోడ్ చూసి, ఇది మాది కాదని తల అడ్డంగా ఊపింది. ఆమె ముఖంలో ఆశ్చర్యమేమీ లేదు, రోజూ చూస్తూనే ఉంటుందేమో! విదేశీ పెద్దలకి 15 డాలర్లు, వయసు పైబడిన వాళ్ళకి తగ్గింపు, 12 ఏళ్ళలోపు పిల్లలకి ఉచితం. అంటే మావాడికి కట్టిన 18 ఎలా చూసినా దండగే. మళ్ళీ టికెట్లు కొన్నాం. ఆర్కిడ్ల దగ్గర మాత్రం అమ్మ నొప్పి మాటే ఎత్తలేదు, అది వేరే విషయం.

డబ్బు వెనక్కి అడిగితే వాళ్ళ జవాబు వినండి: "మీరు కొన్నది ఆడియో గైడ్, ప్రవేశం దానితోపాటు ఉచితం." పేజీ అడుగున, చీమ తలంత అక్షరాల్లో ఆ మాట నిజంగానే ఉంది. బ్యాంకులో ఫిర్యాదు పెడితే, వోచర్ అందింది కాబట్టి సేవ అందినట్టే అని తేల్చేశారు.

ఏ దేశంలోనైనా ముందు ఆ తోట సొంత సైట్ తెరిచి చూడండి. లండన్‌లోని క్యూ (Kew) గార్డెన్స్‌కి టికెట్ ఉంది, సిడ్నీ, మెల్‌బోర్న్ బొటానిక్ గార్డెన్లకి లేదు. గార్డెన్స్ బై ద బేలో కూడా బయటి తోటలు ఉచితమే, ఫ్లవర్ డోమ్, క్లౌడ్ ఫారెస్ట్ అనే అద్దాల తోటల్లాంటి వాటికే డబ్బు కట్టాలి. బొటానిక్ గార్డెన్స్‌కి పెద్దవాళ్ళతో వెళ్తుంటే ట్యాక్సీలో నసీమ్ గేటు దగ్గర దిగండి, ఆర్కిడ్లు అక్కణ్ణుంచి దగ్గర.

ఆ ఆడియో గైడ్ ఇంటికొచ్చాక తెరిచి విన్నాను. మూడో భాగంలో సూపర్‌ట్రీల గురించి చెబుతున్నాడు.