చిన్న హాలుకు ఏ యాంప్లిఫయర్ మేలు: 4440 బోర్డా, క్లాస్ డీనా, పాత సెట్టా?

విజయవాడ గవర్నర్‌పేటలో ఏ షాపుకెళ్లి యాంప్లిఫయర్ అడిగినా ముందు వచ్చే ప్రశ్న "ఎన్ని వాట్స్ కావాలండీ?" జవాబు చెప్పే ముందు మీ స్పీకర్ల వెనక ఏం రాసుందో చూడండి. 87 డీబీ అని ఉంటే, ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో 87 డెసిబెల్స్ వస్తుందని అర్థం. ఇంట్లో అది గట్టి శబ్దమే. 10 వాట్లకు 97, 20కి 100. వాట్లు రెట్టింపు చేసిన ప్రతిసారీ పెరిగేది మూడు డెసిబెల్సే. సత్యనారాయణపురం అపార్ట్‌మెంట్ హాల్లో, గోడ అవతల పక్కింటివాళ్లు ఉండగా మామూలుగా పాటలు వింటే ఒకటి రెండు వాట్లు కూడా ఖర్చు కావు. మిగతావి డప్పు, మృదంగం దెబ్బ ఒక్కసారిగా పడినప్పుడు శబ్దం పగలకుండా ఉండటానికి. డబ్బా మీద పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ వాట్లు) అని వేసే వేల అంకెను వదిలేయండి.

అంటే మనకు కావలసింది చానెల్‌కి, అంటే ఒక్కో స్పీకర్‌కి, పది, ఇరవై వాట్లు. 4440 బోర్డు మన మెకానిక్‌లకు కొట్టిన పిండి. ఎల్ఏ4440 అనే ఈ సాన్యో చిప్ 13.2 వోల్టుల దగ్గర, 4 ఓమ్‌ల స్పీకర్లకు చానెల్‌కి 6 వాట్లు ఇస్తుంది. 8 ఓమ్‌లైతే సుమారు సగం. చానెల్‌కో చిప్ పెట్టి బ్రిడ్జ్ చేస్తే, అంటే చిప్‌లోని రెండు భాగాలనూ కలిపి ఒకే స్పీకర్‌కు వాడితే, 19 వరకూ వెళ్తుంది. చవక, పాడైతే వీధి చివరే బాగుచేస్తారు. చిక్కల్లా ట్రాన్స్‌ఫార్మర్‌తోనే. 12 వోల్టుల వైండింగ్ పెడితే డయోడ్లు, కెపాసిటర్ దాటాక 16 వోల్టులవుతుంది. చిప్ పనిచేసేటప్పుడు 18 దాటకూడదు. అర్ధరాత్రి లోడు తగ్గి కరెంటు వోల్టేజీ పెరిగిందంటే ఆ తేడా ఇట్టే కరిగిపోతుంది. 9-0-9 (మధ్య నుంచి అటూ ఇటూ 9 వోల్టులిచ్చే) ట్రాన్స్‌ఫార్మర్‌తో సరిపెట్టుకుంటే శబ్దం కొంచెం తగ్గినా చిప్ బతుకుతుంది. ఇంకో తలనొప్పి ఇన్వర్టర్. స్క్వేర్ వేవ్ రకమైతే కరెంటు పోయిన క్షణం నుంచి ట్రాన్స్‌ఫార్మర్ గుయ్‌మంటూనే ఉంటుంది.

నా ఓటు క్లాస్ డీకే, అంటే సిగ్నల్‌ను చాలా వేగంగా ఆన్-ఆఫ్ చేస్తూ పెంచే రకానికే. టీపీఏ3116 చిప్ ఉన్న చిన్న బోర్డు 4.5 నుంచి 26 వోల్టుల దాకా దేనిమీదైనా నడుస్తుంది. ఇచ్చిన కరెంటులో 90 శాతం దాకా స్పీకర్‌కే పోతుంది. 4440 లాంటి పాత రకంలో సగం వేడిగానే పోతుంది. మే నెలలో బెజవాడ గదికి ఇంకో వేడి డబ్బా ఎందుకు? కాకపోతే '50+50' అనే అంకెను నమ్మి మోసపోవద్దు. అది 21 వోల్టులు, 4 ఓమ్‌లు, పైగా 10 శాతం డిస్టార్షన్ (శబ్దం చెడటం) దగ్గర వచ్చే లెక్క. 12 వోల్టుల అడాప్టర్ పెట్టి 8 ఓమ్‌ల స్పీకర్లు తగిలిస్తే 9 వాట్లు కూడా శుభ్రంగా రావు. అదే బోర్డుకు పాత ల్యాప్‌టాప్ 19 వోల్టుల అడాప్టర్ పెడితే 20 దరిదాపులకు వస్తుంది. అందుకే బోర్డు మీద కన్నా అడాప్టర్ మీద రెండు వందలు ఎక్కువ పెట్టండి. 24 వోల్టులు ఇవ్వాలనిపిస్తే ముందు బోర్డు మీది కెపాసిటర్లు చూడండి. 25 వోల్టులవైతే ఆ ఆలోచన మానుకోండి. సన్నని డిస్టార్షన్ తేడాల గురించి గంటలు వాదించేవాళ్లున్నారు గానీ, ఫ్యాన్ ఐదులో తిరిగే హాల్లో అవి ఎవరికి వినపడతాయి?

దీనికీ ఒక లోపముంది. ఈ చిప్ మామూలుగా 400 కిలోహెర్ట్జ్ దగ్గర స్విచ్ అవుతుంది. దాని రెట్టింపు 800. విజయవాడ ఆకాశవాణి మీడియం వేవ్ స్థానం 837, దానికి దగ్గరే. పక్కనే రేడియో పెట్టుకునే పెద్దవాళ్లుంటే గరగర వినిపించవచ్చు. రేడియోను దూరం జరపాలి, లేదా ఎఫ్ఎంకు మారాలి.

పాత సోనోడైన్, కాస్మిక్ సెట్లు బాగున్నవి దొరికితే కాదనను. గ్రామఫోన్ రికార్డులు వినేవాళ్లకు ఫోనో ఇన్‌పుట్ ఉన్న సెట్టే సులువైన దారి, ఆ చిన్న బోర్డుల్లో అది ఉండదు. కొనేముందు స్పీకర్లు తగిలించకుండా, మల్టీమీటర్‌తో ఔట్‌పుట్ దగ్గర డీసీ చూడమనండి. పదుల మిల్లీవోల్టులైతే ఫర్వాలేదు. వోల్టుల్లో చూపిస్తే స్పీకర్ కాయిల్ కాలిపోతుంది. దాన్ని అక్కడే వదిలేసి రండి.

4440 తీసి క్లాస్ డీ పెట్టేవాళ్లు వైరింగ్ తప్పక మార్చాలి. పాత ఇళ్లలో రెండు స్పీకర్లకూ మైనస్ ఒకే వైరుగా లాగుంటారు. స్టీరియోగా పెట్టిన 4440కి అది చెల్లుతుంది. ఈ క్లాస్ డీ బోర్డులో మైనస్ కొన గ్రౌండ్ కాదు, దానిలోనూ సిగ్నల్ ఉంటుంది. రెండూ కలిపితే బోర్డు ఆగిపోతుంది, ఒక్కోసారి పోతుంది కూడా. ప్రతి స్పీకర్‌కూ విడిగా జంట వైరు వేయాలి. అయిదు మీటర్ల లోపు దూరానికి 1.5 స్క్వేర్ ఎంఎం మామూలు కరెంటు వైరు చాలు, ఖరీదైన స్పీకర్ కేబుల్ అక్కర్లేదు. ల్యాప్‌టాప్ కలిపాక హమ్ (గుయ్‌మనే శబ్దం) వస్తే దాని చార్జర్ పీకి చూడండి. ఆగిపోతే ఎర్త్ లూప్, అంటే ఎర్త్ రెండు దారుల్లో కలిసిందన్నమాట. అప్పుడు రెండు ప్లగ్గులూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు పెట్టి చూడాలి.