నలభై పౌండ్ల ఇంగువ, పైసా అడగని చర్చి

ముందు ఆ 40 పౌండ్ల సంగతి చెప్పేస్తే గానీ చర్చి గురించి రాయడానికి నాకు చెయ్యి ఆడదు.

గుంటూరు నుంచి అమ్మా నాన్నా వచ్చి ఆరు వారాలైంది. లండన్, బాత్ నగరాలు చూపించేశాం. నాన్న ఆర్ అండ్ బీలో ఏఈగా చేసి రిటైరయ్యారు. ఏ ఊరెళ్లినా మనుషుల కంటే ముందు గోడలు చూస్తారు. అందుకే ఈసారి ఇంగ్లండ్ తూర్పు తీరంలోని సఫోక్ జిల్లా వైపు, బ్లైబరో అనే పల్లెకి తీసుకెళ్దామనుకున్నాను. స్పెల్లింగ్ చూసి చదివితే బ్లైత్‌బర్గ్ అనిపిస్తుంది గానీ అలా అంటే అక్కడెవరికీ అర్థం కాదు. కొన్ని వందల మంది ఉండే ఆ ఊళ్లో హోలీ ట్రినిటీ అని 15వ శతాబ్దపు చర్చి ఉంది. దాని పైకప్పులో కొయ్య దేవదూతలున్నారు. రెడింగ్‌లో మా ఇంటి నుంచి దారి బాగుంటే మూడు గంటలు. బాగా లేదు, నాలుగున్నర పట్టింది. వేసవి శనివారం మధ్యాహ్నం ఏ12 రోడ్డెక్కకండి.

రాత్రికి దగ్గర్లోని ఒక ఊళ్లో చిన్న ఇల్లు బుక్ చేశాను. రెండు బెడ్‌రూములు, 164 పౌండ్లు. క్లీనింగ్‌కి 35, డిపాజిట్ 100. పేజీ మీద పెద్దక్షరాలతో 'చర్చి వ్యూ' అని ఉంది. తాళంచెవి పెట్టిన డబ్బాకి వాళ్లిచ్చిన నంబరు పని చెయ్యలేదు. సన్నటి వానలో 25 నిమిషాలు నిలబడ్డాం. ఓనర్ ఫోనెత్తి "అయ్యో, అది పోయిన నెల నంబరు" అని నవ్వాడు. లోపలికెళ్లి కర్టెన్ తీస్తే ఎదురుగా చర్చి ఉన్న మాట నిజమే. ఎర్ర ఇటుకలతో, రేకుల షెడ్డుతో, నాన్న కంటే వయసులో చిన్నది. "చర్చి అన్నాడు గానీ ఏ చర్చో చెప్పలేదు కదమ్మా, కేసు నిలవదు" అన్నారు నాన్న.

హీటర్ తొమ్మిదింటికి దానంతటదే ఆగిపోయింది. టైమర్ పెట్టె మీద 'ముట్టుకోవద్దు' అని కాగితం. జూన్ నెలలో అమ్మ మంకీ క్యాప్ పెట్టుకుని పడుకుంది. మా ఆయన మాత్రం హాయిగా నిద్రపోయారు. ఆయనకి ఎక్కడైనా నిద్ర పడుతుంది, ఆ విషయంలో నాకు అసూయ.

అసలు గొడవ పులిహోరతో వచ్చింది. వంటేమీ చెయ్యలేదు. ఇంటి నుంచి తెచ్చిన పులిహోర డబ్బా మూత తీసి నలుగురం తిన్నాం, అంతే. మర్నాడు సాయంత్రం తిరుగు దారిలో ఉండగా మెసేజ్ వచ్చింది: ఇంట్లో ఘాటైన తిండి వాసన వస్తోంది, ప్రత్యేకంగా శుభ్రం చేయించాలి, డిపాజిట్‌లో 40 పౌండ్లు పట్టుకుంటున్నాం. ఇంగువ వాసనకి నలభై పౌండ్లు! తర్వాతి వారం ఓనర్‌కి నాలుగు మెయిళ్లు రాశాను. రెండింటికి జవాబు లేదు, మిగతా రెండింటికి ఒకటే జవాబు.

ఇక చర్చి.

ఊరి చివర మలుపు తిరగ్గానే బ్లైత్ నది చిత్తడి నేల, దాని పైన చిన్న ఎత్తు మీద ఒంటరి ఓడలా కనిపిస్తుంది. అక్కడివాళ్లు దీన్ని చిత్తడి నేలల కెతెడ్రల్ అంటారు. నిజానికి కెతెడ్రల్ (బిషప్ పీఠం ఉండే పెద్ద చర్చి) కాదు, ఊరి చర్చి. ఇంత పల్లెకి 127 అడుగుల పొడవు చర్చి ఎందుకంటే అప్పుడిది రేవు. చేపలు, ఉన్ని, వాటి డబ్బు. 1412లో నాలుగో హెన్రీ రాజు అనుమతితో కట్టుబడి మొదలైంది. తర్వాత ఓడలు పెద్దవయ్యాయి, నది పూడిపోయింది, వ్యాపారం పోయింది. చర్చి మిగిలింది.

నాన్న లోపలికి రావడానికే అరగంట పట్టింది. గోడ దగ్గరే ఉండిపోయారు. సఫోక్‌లో కట్టడానికి పనికొచ్చే మంచి రాయి లేదు, దొరికేది చెకుముకి రాయి. దాన్ని పగలగొట్టి, నల్లగా మెరిసే ముఖం బయటికి పెట్టి, బయటి నుంచి తెప్పించిన తెల్ల సున్నపురాతి చట్రాల మధ్య నగిషీలా పొదిగారు. నాన్న వేలితో రాళ్ల మధ్య దర్జులు తడిమి "గానుగ సున్నమే. సిమెంట్ పెట్టి ఉంటే ఈ గోడ ఎప్పుడో చెమ్మ పట్టి చచ్చేది" అన్నారు. తూర్పు కిటికీ కింద రాతిలో వరసగా చెక్కిన పెద్ద లాటిన్ అక్షరాలున్నాయి. ఒక్కో అక్షరం ఒక్కో మాటకి పొడి అక్షరం అట. నాన్న వాటినీ ఫోటో తీసుకున్నారు.

లోపల అడుగు పెడితే ముందు తగిలేది వెలుతురు. ఆ కాలపు పద్ధతి అది, గోడ తగ్గించి కిటికీ పెంచడం. పై వరసలో ఒక్కో వైపు 18 కిటికీలు. ఒకప్పుడు వాటినిండా రంగుల అద్దాలే. ఇప్పుడు అక్కడక్కడా ముక్కలే మిగిలాయి, తక్కినదంతా మామూలు గాజు. పైన కొయ్య కప్పు, తెల్ల పూత మీద ఎరుపు, ఆకుపచ్చ పూల ముద్రలు, వెలిసిపోయాయి గానీ ఉన్నాయి. నడుమ దూలం పొడవునా జంటలుగా దేవదూతలు, ఒకరు తూర్పుకి, ఒకరు పడమరకి చూస్తూ, రెక్కలు బార్లా చాపి. లేపాక్షిలో మండపం కింద మెడ నొప్పెట్టేదాకా చూశానే, మళ్లీ ఇక్కడే. బైనాక్యులర్స్ తీసుకెళ్లండి. మేం తీసుకెళ్లలేదు, మా ఆయన ఫోన్ కెమెరా జూమ్‌తో సరిపెట్టుకున్నాం.

ఆ దేవదూతల ఒంట్లో సీసం గుళ్లు దొరికాయి. 1644 ఏప్రిల్ 9న విలియం డౌజింగ్ అనే ఆయన ఇక్కడికొచ్చాడు. రాజుకీ పార్లమెంటుకీ అంతర్యుద్ధం జరుగుతున్న రోజులవి. పార్లమెంటు పక్షం తరఫున చర్చిల్లో విగ్రహాలూ బొమ్మలూ పగలగొట్టించడం ఆయన ఉద్యోగం, చేసినదంతా డైరీలో రాసుకున్నాడు కూడా. ఇక్కడ 20 దేవదూతల్ని దించమన్నాడు, 200 పైగా బొమ్మల్ని 8 రోజుల్లో తీసేయమన్నాడు. 'వీరి ఆత్మ కోసం ప్రార్థించండి' అని దాతలు రాయించుకున్న పలకల్నీ పగలగొట్టించాడు. (మన గుళ్లో ఫ్యాన్ రెక్కల మీద దాతల పేర్లు చూసి ఉంటే ఆయన ఏమైపోయేవాడో.) ఆ సీసం గుళ్లు ఆయన మనుషులు పేల్చినవేనని చాలాకాలం చెప్పుకున్నారు. తీరా చూస్తే అవి 18వ శతాబ్దపువి. చర్చిలో దూరిన కాకి జాతి పక్షుల్ని కొట్టడానికి మందుగుండు కొన్న లెక్కలు పద్దు పుస్తకాల్లో ఉన్నాయి. కప్పు అంత ఎత్తున లేకపోతే డౌజింగ్ మాట నెగ్గేదేమో. పనివాళ్లకి నిచ్చెనలు ఎక్కే ఓపిక లేకపోయి ఉంటుందని నా ఊహ.

ఉత్తరపు తలుపు మీద నల్లగా కాలిన గీతలున్నాయి. 1577 ఆగస్టు 4న పెద్ద గాలివాన, పిడుగు. గోపురం మీది శిఖరం కూలింది, ఒక మగమనిషి, ఒక కుర్రాడు చచ్చిపోయారు. ఆ వానలో నల్లకుక్క రూపంలో దెయ్యం వచ్చి వెళ్తూ వెళ్తూ తలుపు గీరిందని కథ. అమ్మ వెంటనే "విరూపణ్ణ కళ్ల మరకల్లాగన్నమాట" అంది. లేపాక్షి గుడి కట్టించిన విరూపణ్ణ తన కళ్లు పీకి గోడకేసి కొట్టాడని కథ. ఆ గోడ మీది ఎర్ర మరకల్ని గైడు చూపించినప్పుడు కూడా ఇలాగే చెయ్యి జోడించింది. ఇక్కడా జోడించింది. కీడు రాకుండా కొవ్వొత్తితో కావాలనే కాల్చిన గుర్తులు ఇంగ్లండ్‌లో చాలా పాత తలుపుల మీద ఉంటాయని నేను చెప్పబోయాను. వినలేదు.

అమ్మకి బాగా నచ్చినవి బెంచీలు. బెంచీ చివర ఒక్కో కొయ్య బొమ్మ, ఒక్కో పాపం. తిండిపోతు పొట్ట పట్టుకుని కూర్చున్నాడు, పిసినారి డబ్బు పెట్టె మీదే కూర్చున్నాడు, చాడీలు చెప్పేవాడు నాలుక చాపాడు, సోమరిపోతు మంచం మీద. చదువు రానివాళ్లకి ఇదే పాఠం. అమ్మ ఒక్కో దాని దగ్గరా ఆగి మా చుట్టాల్లో ఎవరో పేరు పెట్టింది. పేర్లు నేను రాయను.

ముందు వైపు బల్లలు ఒకప్పుడు పిల్లల బడికి వాడారు. వాటి మీద 1665లో డిర్క్ అనే 12 ఏళ్ల కుర్రాడు తన పేరు, ఊరు స్టాక్‌హోమ్, వయసు అన్నీ చెక్కుకున్నాడు. గోల్కొండ గోడల మీద గీసే మనవాళ్లని తిట్టే నేను ఇక్కడ ముచ్చటపడి ఫోటో తీశాను. మూడున్నర శతాబ్దాలు దాటితే అల్లరి కూడా వారసత్వమే మరి. అక్కడే 1682 నాటి కొయ్య మనిషి, గంట కొట్టేవాడు. పూజ మొదలయ్యేటప్పుడు ఇప్పటికీ కొడతాడు.

ఇంత చర్చీ 19వ శతాబ్దంలో వాన కురిస్తే జనం గొడుగులు పట్టుకుని కూర్చునే స్థితికొచ్చింది. 1881లో బిషప్ మూయించాడు. బాగుచెయ్యడం అంటే పాతది చెరిపి కొత్తగా కట్టడం కాదని పాత కట్టడాల్ని కాపాడే, రచయిత విలియం మోరిస్ వాళ్ల సంఘం పోరు పెట్టింది. "ఇక్కడ గెలిచారు, మా డిపార్ట్‌మెంట్‌లో అయితే టెండర్ పిలిచేసేవాళ్లం" అన్నారు నాన్న. అది నవ్వో బాధో నాకు తెలియలేదు.

టికెట్ లేదు. కాపలాగా ఒక పెద్దావిడ, వాలంటీరు. గంటసేపు నాన్న ప్రశ్నలకి ఓపిగ్గా జవాబు చెప్పింది. డబ్బాలో 20 పౌండ్లు వేశాం, అడగలేదు. మధ్యాహ్నం వాన మొదలైతే ముందు మంటపంలో రాతి అరుగు మీద కూర్చుని తినమంది. మిగిలిన పులిహోర కాగితం ప్లేటులో పెట్టి అమ్మ ఆవిడకి ఇచ్చింది. ఆవిడ వాసన చూసి ఇదేమిటని అడిగింది. ఇంగువ అంటే ఆ మాట రెండుసార్లు పలికి చూసి, ప్లేటు ఖాళీ చేసింది. అమ్మ అలా నవ్వడం ఆ ప్రయాణంలో అదే మొదటిసారి.

వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి, కప్పు రంగులు అప్పుడే బాగా కనిపిస్తాయి. రాత్రి ఉండొద్దు, ఉంటే తాళంచెవి చేతికిచ్చే మనిషున్న చోటే ఉండండి. 40 పౌండ్లు ఇంకా రాలేదు.

సోమరిపోతు బొమ్మ ఫోటో అమ్మ అక్కడి నుంచే గుంటూరులో ఉన్న మా తమ్ముడికి పంపింది. అక్కడ అప్పటికి సాయంత్రం నాలుగు. ఆదివారం కదా, రెండు టిక్కులు నీలం కావడానికి ఇంకో గంట పట్టింది.