చెవిలో కోచ్, ఎదురుగా మావాడు

మాది రాయగడ. పిల్లల సైకాలజిస్టు కోసం మాటిమాటికీ విశాఖ వెళ్లలేక, వీడియో కాల్‌లో ఇచ్చే పేరెంట్ ట్రైనింగ్‌లో చేరాను. ఏడాది దాటింది. మావాడికి ఐదేళ్లు. వద్దంటే చాలు, చేతిలో ఉన్నది విసిరేసేవాడు. మజ్జిగౌరి గుడి బయట బొమ్మల కొట్టు ముందు పొర్లి జనాన్ని పోగేసేవాడు.

ఇందులో పిల్లాడికి పాఠాలేమీ ఉండవు, అన్నీ మనకే. షీలా ఐబర్గ్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1970ల్లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. అక్కడ అద్దం వెనక నుంచి చూస్తూ తల్లి చెవిలో చెబుతారు, మాకు అద్దం బదులు ఫోను. దాన్ని బియ్యం డబ్బాకి ఆనించి, ఇయర్‌ఫోన్ పెట్టుకుని వాడితో ఆడుకోవాలి. రోజూ ఐదు నిమిషాలే, కాకపోతే ప్రశ్నలు అడగకూడదు, పనులు చెప్పకూడదు, తప్పులు పట్టకూడదు. "ఇదేం రంగు నాన్నా?" అన్నానో లేదో, చెవిలో "అడగకండమ్మా, బాబు చేసేది చెప్పండి చాలు" అని వినిపించేది. "ఎర్రదాని మీద పచ్చది పెట్టావు" అనాలన్నమాట. నోరు కట్టేసుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది!

మెచ్చుకోవడానికీ లెక్కుంది. ఊరికే "గుడ్ బాయ్" కాదు, "చెప్పగానే చెప్పులు గూట్లో పెట్టావు, భలే" అనాలి. నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇదే. తర్వాత మాట వినిపించుకోవడం: ఒకసారికి ఒకే పని, బతిమాలకుండా. వినకపోతే ఒక హెచ్చరిక, అప్పటికీ వినకపోతే మూడు నిమిషాలు కుర్చీలో ఊరికే కూర్చోబెట్టడం. దెబ్బలు లేవు.

చిల్లర పేచీలను చూడనట్టు వదిలేయమంటారు. తగ్గేముందు ఏడుపు ఇంకా పెరుగుతుందని కోచ్ ముందే చెప్పారు. మా అత్తగారికి ఎవరు చెప్పాలి? "బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే గోడకేసి చూస్తావేంటే?" అంటూ జంతిక తెచ్చి చేతిలో పెట్టేసేవారు. వారం శ్రమ గోవిందా! కోర్సులో పెద్ద లోపం ఇదే. వాళ్ల వీడియోల్లో తల్లీ బిడ్డా తప్ప ఇంట్లో ఇంకో మనిషి కనిపించరు. చివరికి ఒకరోజు ఇయర్‌ఫోన్ అత్తగారి చెవికే పెట్టించాను. ఇప్పుడు "భలే" అనడంలో ఆవిడదే పైచేయి.

వానాకాలం సిగ్నల్ సంగతి చెప్పక్కర్లేదు. వాడు గిన్నె ఎత్తేసరికి కోచ్ బొమ్మ బిగుసుకుపోయేది. అలాంటప్పుడు వీడియో తీసి పంపితే తర్వాత చూసి చెప్పేవారు, అది నయం.

మావాడు ఇప్పటికీ విసురుతాడు, కానీ అరుదుగా. బజారుకి టెన్షన్ లేకుండా తీసుకెళ్తున్నాను. మాటలు ఆలస్యమైనా, ఫిట్స్ ఉన్నా ముందు డాక్టరుకి చూపించండి. ఉన్నపళంగా ఎవరితోనైనా మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉచితం, అయితే అది ఇలాంటి ట్రైనింగ్ కాదు. ఫీజు కట్టేముందు మాత్రం, మనం ఆడుతుండగా కోచ్ చూస్తూ చెబుతారా, లేక రికార్డు చేసిన వీడియోలేనా అని అడగండి. ఉత్త వీడియోలైతే నేను కట్టను.