హాలు ఉంది, విడిది లేదు: విజయనగరంలో సభలు పెట్టేవారికి

మూడు వందల మందితో రెండు రోజుల సభ పెట్టాలంటే విజయనగరం ఊరి మధ్య ఉన్న ఫంక్షన్ హాళ్లు, లాడ్జీలు సరిపోతాయా? ఆ ఒక్క లెక్కతోనే ఈ సమీక్ష. హాళ్లకి అయిదుకి నాలుగు మార్కులు వేయొచ్చు. విడిదికి ఒకటిన్నర.

కుర్చీలు వరసగా వేస్తే మనిషికి పది చదరపు అడుగులు, గుండ్రటి బల్లలైతే పదిహేను పైన పడుతుంది. పెళ్లిళ్లకి కట్టిన హాళ్లలో చోటుకి కొదవ ఉండదు. ఇబ్బందల్లా ఏసీ దగ్గరే. పెళ్లికి జనం వస్తూ పోతూ ఉంటారు, సభకైతే తలుపులు మూసుకుని ఆరు గంటలు కూర్చుంటారు. పది మందికి టన్ను చొప్పున 30 టన్నులు కావాలి, దానికే 35 కిలోవాట్ల పైన లాగుతుంది. మైకులు, లైట్లు, లిఫ్టు కలిపితే 62.5 కేవీఏ జనరేటర్ అంచున నడుస్తుంది. 100 కేవీఏ ఉంటేనే నిశ్చింత. "జనరేటర్ ఉందండి" అన్న మాట మీద అడ్వాన్సు ఇవ్వకండి. మెయిన్ ఆపించి, ఏసీలు తిరుగుతున్నాయో, ఫ్యాన్లూ లైట్లేనో కళ్లారా చూడండి. డీజిల్ ఖర్చు ఎవరిదో రసీదు మీద రాయించుకోండి.

రెండోది ప్రతిధ్వని. పాలరాతి నేల, నున్నటి గోడలు ఉన్న హాల్లో వేదిక పక్కన రెండు పెద్ద బాక్సులు పెట్టి సౌండ్ పెంచితే వెనక వరసలకి మాట అర్థం కాదు. పక్క గోడల వెంబడి ఆరు చిన్న బాక్సులు పెట్టి, సౌండ్ తగ్గించి నడిపితే స్పష్టంగా వినిపిస్తుంది. భోజనాలు రెండు బంతుల్లో తేలిపోతాయి.

ఇక విడిది. మూడు వందల్లో వంద మంది ఊరివాళ్లే అనుకున్నా, మిగతావారికి గదికి ఇద్దరు చొప్పున 100 గదులు కావాలి. వాటిని నాలుగైదు లాడ్జీలకి పంచాల్సి వస్తుంది. ఒక చోట వేడినీళ్లు ఆరింటికే ఆగిపోతాయి, ఇంకోచోట చెక్ అవుట్ ఇరవై నాలుగు గంటల లెక్క. వక్తల్ని 60 కిలోమీటర్ల అవతల విశాఖలో దింపితే తొమ్మిదిన్నర సభ పదిన్నరకి మొదలవుతుంది. విజయదశమి తరవాతి మంగళవారం పైడితల్లి సిరిమానోత్సవం. ఆ వారంలో తేదీ పెట్టుకోనేవద్దు. గదులూ దొరకవు, గుడి ఉన్న మూడు లాంతర్ల కూడలి వైపు బండీ కదలదు.

బిల్లులు విడివిడిగా తీసుకోండి. హాలు అద్దె మీద జీఎస్టీ 18 శాతం, రోజుకి 7,500 రూపాయల లోపు గది మీద 5 శాతం.

అందుకే ఊరి మధ్య హాలూ గదులూ ఒకే కప్పు కింద ఉన్న కన్వెన్షన్ హోటల్ కావాలి, దానికి ప్రభుత్వ సాయమూ అందాలి అనే మా అభిప్రాయం. మాఘం, వైశాఖం, శ్రావణాల్లో ముహూర్తాలతో హాలు నిండుతుంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మూఢం రోజుల్లో ఖాళీ. ఆ ఖాళీకి భయపడి ప్రైవేటువాళ్లు హాలు కట్టి గదులు మానేస్తారు. సాయం అవసరమైంది అక్కడే.

అయితే అప్పు భారం నగరపాలక సంస్థకి రాకూడదు. అమెరికాలో బాల్టిమోర్ నగరం 30 కోట్ల డాలర్ల పైన బాండ్లతో 757 గదుల కన్వెన్షన్ హోటల్ సొంతంగా కట్టించి 2008లో తెరిచింది. ఆదాయం అంచనాకి అందక ఏళ్ల తరబడి నష్టాల్లో నడిచింది. ఇక్కడ స్థలాన్ని అమ్మకుండా లీజుకే ఇవ్వాలి. వంద గదులు తయారయ్యాకే హాలు తెరవనివ్వాలి. ఏడాది ముందు అడిగిన సభకి అరవై గదులు ముందే ఒప్పుకున్న రేటుకి ఇవ్వాలని లీజులో రాయాలి. నలుగురికో కారు లెక్కన 75 కార్లకి, దారితో కలిపి, 43 సెంట్లు పార్కింగ్‌కే వదిలించాలి. అది ప్లానులో చూపించి తరవాత షెడ్డు వేస్తే లీజు రద్దయ్యేలా ఉండాలి.