బోయాక్ (కొరియన్ బలం మందు) తాగుతున్న శాకాహారులు ఒక్కసారి మీ రసీదు చూసుకోండి

గంట క్రితమే అక్కడినుంచి వచ్చాను. కోపం ఇంకా దిగలేదు, ఇది రాయకుండా పడుకుంటే నిద్ర పట్టదు. కొరియాలోని సువోన్‌లో మనవాళ్ళు మెడనొప్పికీ నడుంనొప్పికీ సూదులు వేయించుకోడానికి వెళ్ళే హనివోన్ (కొరియన్ సంప్రదాయ వైద్యశాల) ఉంది కదా, అక్కడే జరిగింది. పేరు రాయను. జరిగింది జరిగినట్టు రాసినా పరువునష్టం కేసు పెట్టడానికి వీలున్న దేశం ఇది, వీసా మీద ఉన్నదాన్ని, ఆ టెన్షన్ కూడా నెత్తిన వేసుకోలేను. తెలిసినవాళ్ళకి ఎలాగూ తెలుస్తుంది.

నాకు 8 నెలలుగా నీరసం. మామూలు అలసట కాదు. శని, ఆదివారాలు పడుకుని లేచినా సోమవారం పొద్దున ఒళ్ళు బరువుగానే ఉండేది, సబ్‌వే మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నం మీటింగుల్లో కళ్ళు మూతలు పడిపోయేవి. ఆఫీసులో చూసి బోయాక్ తాగమన్నారు. ఇక్కడ అది మామూలు విషయమే, పరీక్షల ముందు పిల్లలకి తల్లులు పట్టిస్తారు, బాలింతలకి ఇస్తారు, ముసలివాళ్ళకి కొడుకులూ కూతుళ్ళూ కొనిపెడతారు. నేనూ నమ్మాను. నమ్మడానికి కారణం ఉంది, హనిసా అంటే 6 ఏళ్ళు చదివి లైసెన్సు తెచ్చుకున్న డాక్టరు. పోయినేడు అక్కడే మెడకి సూదులు వేయించుకుంటే తగ్గింది కూడా. సూదులకి ఇన్సూరెన్స్ వస్తుంది. బోయాక్‌కి రాదు, మొత్తం మన జేబులోంచే.

డాక్టరు రెండు చేతులూ పట్టుకుని నాడి చూశాడు, నాలుక చూశాడు, నిద్ర, అరుగుదల, నెలసరి అన్నీ అడిగాడు. నెలసరి బాగా ఎక్కువగా అవుతోందని చెప్పాను, రాసుకున్నాడు. "గిహొ" అన్నాడు, అంటే ఒంట్లో శక్తి తగ్గిపోయిందని. అంతా కలిపి 5 నిమిషాలు. తర్వాత షిల్‌జాంగ్ (మేనేజరు) గదిలోకి పంపారు. మందు ఏది, ఎన్ని రోజులు, డబ్బెంత అనేది మాట్లాడేది ఆవిడే.

ముందు గోంగ్‌జిన్‌దాన్ చూపించింది, బంగారు రేకు చుట్టిన ఉండలు, డబ్బాలో నగల్లా పేర్చి ఉన్నాయి. ధర విని వద్దన్నాను. (వాటిలో కస్తూరి, జింక కొమ్ము ఉంటాయని ఇప్పుడు తెలిసింది, అప్పుడు ఆవిడ ఆ మాటే ఎత్తలేదు.) అయితే కషాయం తీసుకోండి అంది. గోడ మీదున్న హొ జున్ (పాతకాలపు కొరియా వైద్యుడు) బొమ్మ చూపించి, ఇదంతా ఆయన రాసిన డోంగి బోగామ్ నుంచి వచ్చిన వైద్యం అని చెప్పింది. ఆ పుస్తకం నిజంగానే గొప్పది, 1613లో అచ్చయింది, 2009లో యునెస్కో ప్రపంచ జ్ఞాపకాల జాబితాలో చేర్చింది, దానిమీద నాకు గౌరవం ఉంది. ఆ గౌరవాన్నే వాడుకున్నారు. ఒక జె అంటే 15 రోజుల మందు, రోజుకి 3 చొప్పున 45 ప్యాకెట్లు. మూడు జెలు ఒకేసారి కడితే తగ్గిస్తాం, ఈ వారమే అంది. 12 లక్షల 50 వేల వోన్లు, మన రూపాయల్లో దాదాపు 75 వేలు.

కార్డు ఇచ్చే ముందు నేను అడిగాను. ఈ ఒక్క విషయంలో మాత్రం నావైపు తప్పు లేదు. నాకొచ్చిన కొరియన్‌లో, స్పష్టంగా, నేను చేషిక్ (శాకాహారం), గోగి (మాంసం) తినను, గుడ్డు కూడా తినను, ఇందులో జంతువులవి ఏమైనా ఉన్నాయా అని. ఆవిడ నా మొహంలోకి చూసి నవ్వుతూ, "గోగి ఒప్సొయో" అంది. మాంసం లేదు. వేర్లు, బెరళ్ళు అని చేత్తో చూపించింది కూడా. కార్డు ఇచ్చేశాను.

19 రోజులు తాగాను. ప్యాకెట్ మీద నా పేరు, "తిన్న 30 నిమిషాలకి" అన్న ముక్క, అంతే, ఏమేం వేశారో ఎక్కడా లేదు. వేడినీళ్ళ గిన్నెలో ప్యాకెట్ వేసి, మూల కత్తిరించి, కప్పులో పోసుకుని ముక్కు మూసుకుని తాగేదాన్ని. అమ్మ రోజూ వీడియోకాల్‌లో "కషాయం తాగావా తల్లీ" అని అడిగేది, కప్పు చూపిస్తే సంతోషపడేది. ఈ 19 రోజుల్లోనే రెండు కార్తీక సోమవారాలు వచ్చాయి. పగలంతా ఉపవాసం ఉండి, చీకటి పడ్డాక చుక్కలు చూసి, దీపం పెట్టి, అన్నం తిని, సరిగ్గా అరగంటకి ఆ ప్యాకెట్ కత్తిరించుకుని తాగాను. ఇది రాస్తుంటే ఏడుపొస్తోంది.

మొన్న ఆఫీసులో మెడికల్ ఇన్సూరెన్స్‌కి బిల్లులు పెడుతుంటే పక్క సీటు కొరియన్ అమ్మాయి రసీదు చూసి, "ఒన్నీ (అక్కా), నోగ్యొంగ్ వేయించుకున్నావా, ఖరీదు కదా" అంది. నోగ్యొంగ్ అంటే ఏంటని అడిగితే ఫోన్‌లో బొమ్మ చూపించింది. జింక లేత కొమ్ము. రాలిపోయిన ఎండుకొమ్ము కాదు, ఇంకా మెత్తగా, నూగుతో, లోపల రక్తం పారుతుండగా బతికున్న జింక తలమీంచి కోసి, ఎండబెట్టి, పల్చటి బిళ్ళలుగా తరుగుతారు. రసీదులో మూడు జెలకీ మూడు లైన్లు, ప్రతి లైను కిందా "నోక్-యొంగ్ చుగా". అదనంగా నోగ్యొంగ్ కలిపినందుకు విడిగా డబ్బు కూడా వేశారు. నాకు హాంగుల్ (కొరియన్ లిపి) చదవడం వచ్చు. ఆ కాగితం 19 రోజులు నా బ్యాగులోనే ఉంది. ఒక్కసారి తీసి చదువుకుని ఉంటే మొదటి రోజే ఆగిపోయేదాన్ని. ఇంకా బాధేంటంటే, రెండేళ్ళ క్రితం సియోల్ జెగి-డాంగ్ మూలికల మార్కెట్‌కి వెళ్ళినప్పుడు అవే బిళ్ళలు గాజు సీసాల్లో పెట్టి ఉంటే ఫొటో తీసుకున్నాను. పేరు కనుక్కోలేదు.

ఇవాళ సాయంత్రం వెళ్ళాను. వెయిటింగ్ హాలు నిండా జనం. కౌంటర్ మీద రసీదు పరిచి ఆ లైను మీద వేలు పెట్టి, నేను అడిగాను కదా, మీరు లేదన్నారు కదా అన్నాను. ఆవిడ కాగితం చూసింది, నన్ను చూసింది, "గోగి అనిజానయో" అంది. మాంసం కాదు కదా. ఇక్కడ ఉండేవాళ్ళకి ఆ చివరి "జానయో" ఎలా ఉంటుందో తెలుసు, నీకు తెలిసిందే కదా మళ్ళీ అడుగుతావేం అన్నట్టు. జంతువులవి ఏమైనా ఉన్నాయా అని అడిగాను, మాంసం గురించి కాదు అన్నాను. కొమ్ము కోస్తే జింక చావదు, మళ్ళీ మొలుస్తుంది అంది. కొరియన్‌లో ఎంత వెతికినా నాకు మాట దొరకలేదు. తింటానా మానేస్తానా అనేది నేను నిర్ణయించుకోవాలి, మీరెవరు అని అడగాలనుంది, గొంతులోంచి రాలేదు. డాక్టరుతో మాట్లాడతానంటే పేషెంట్లు ఉన్నారు అంది. కనీసం ఇంకా తీసుకోని మూడో జె డబ్బులైనా ఇవ్వమంటే, మీ పేరు మీద మరిగించేశాం, ఇంకొకరికి ఇవ్వలేం అంది. చూపించండి అన్నాను. జవాబు లేదు. నా రసీదుని ఒక వేలితో నావైపు తోసేసి, నా భుజం మీదుగా చూస్తూ వెనకాల ఉన్న పేషెంటు పేరు పిలిచింది. డబ్బు పోయినదానికంటే ఆ వేలు గుర్తొస్తోంది. నేను అక్కడ నిలబడే ఉన్నాను, నేను లేనట్టే మాట్లాడుతోంది.

ఇంకో సంగతి. నిన్న మామూలు నేగ్వా (జనరల్ మెడిసిన్) క్లినిక్‌లో రక్తపరీక్ష చేయించుకుంటే ఇవాళ పొద్దున రిపోర్టు వచ్చింది. హిమోగ్లోబిన్ 9.1, ఫెరిటిన్ 6. ఐరన్ పూర్తిగా అడుగంటిపోయింది. 8 నెలల నీరసానికి, ఆయాసానికి కారణం అదే, నెలసరి ఎక్కువవడమే మూలం అయ్యుండొచ్చు, గైనకాలజిస్టుకి చూపించుకోమన్నారు. ఐరన్ మాత్రలు రాశారు, కాఫీ, టీలతో కలిపి వేసుకోవద్దన్నారు. మందుల షాపులో పెద్ద ఖర్చేమీ కాలేదు. హనివోన్‌లో నెలసరి ఎక్కువన్న మాట చెప్పాను, రాసుకున్నారు, ఒక్కరు కూడా రక్తపరీక్ష చేయించుకో అనలేదు. నా తప్పు కూడా ఉంది. ఈ ఏడు ఆఫీసు హెల్త్ చెకప్ నా వంతు, ఉచితం, అందులో హిమోగ్లోబిన్ చూస్తారు, డిసెంబర్ దాకా టైముంది కదా అని వాయిదా వేస్తూ వచ్చాను.

కొరియన్ వైద్యం మొత్తం మోసమని నేను అనడం లేదు, నా మెడ అక్కడే తగ్గింది. ఉన్నది ఉందని చెప్పకపోవడమే మోసం. నెలల తరబడి నీరసంగా ఉంటే ముందు రక్తం చూపించుకోండి, ఐరన్, థైరాయిడ్, మనలాంటి శాకాహారులైతే బి12 కూడా. తర్వాతే బోయాక్. వెళ్తే, మాంసం ఉందా అని అడగకండి, నాలాగే అయిపోతుంది. ఏమేం వేస్తారో కాగితం మీద రాసిమ్మని అడగండి, ఆ కాగితంలో నోగ్యొంగ్, నోక్గాక్ (ముదిరిన జింక కొమ్ము), సహ్యాంగ్ (కస్తూరి), ఆగ్యో (గాడిద తోలు మరిగించి తీసిన జిగురు) ఉన్నాయేమో వెతకండి. రాసివ్వకపోతే లేచి వచ్చేయండి. ఒక జె కంటే ఎక్కువ కట్టకండి. బీపీ ఉన్నవాళ్ళు గామ్‌చో గురించి కూడా అడగండి, అది మన అతిమధురమే, చాలా కషాయాల్లో వేస్తారు, ఎక్కువరోజులు తాగితే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి ప్రేమకొద్దీ కొనిపెట్టేవాళ్ళు ముఖ్యంగా చూసుకోండి, రక్తం పల్చబడే మందులు వాడుతుంటే జిన్‌సెంగ్ కూడా వాళ్ళ డాక్టర్ని అడక్కుండా ఇవ్వొద్దు.

రేపు 1372కి, వినియోగదారుల ఫిర్యాదు నంబరుకి, ఫోన్ చేస్తున్నాను. భాష ఇబ్బందైతే విదేశీయుల కోసం 1345 ఉంది. ఫ్రిజ్‌లో ఇంకా 33 ప్యాకెట్లున్నాయి, సాక్ష్యంగా ఉంటాయని పారేయలేదు, ఆ తలుపు తీయాలంటేనే మనసొప్పడం లేదు. అమ్మకి ఇంకా చెప్పలేదు. శనివారం మళ్ళీ వెళ్తాను, ఈసారి డాక్టరుతో మాట్లాడకుండా రాను. కొరియన్ బాగా వచ్చినవాళ్ళు ఎవరైనా పక్కన నిలబడి నా మాట సరిగ్గా చెప్పగలిగితే మెసేజ్ పెట్టండి, పొద్దున 10 గంటలకి.