కోడ్ మార్చాలంటే ఓటింగా, ఏకాభిప్రాయమా: ఏది మేలు?

క్రిప్టో కరెన్సీని నడిపే కోడ్‌ను మార్చడానికి బిట్‌కాయిన్ పద్ధతి మంచిదా, టెజోస్ అనే మరో క్రిప్టో నెట్‌వర్క్ పద్ధతి మంచిదా అని నన్ను అడగని వారం లేదు. తేడా ఇదీ. బిట్‌కాయిన్‌లో ఓటింగ్ లేదు. ప్రతిపాదన మీద వాదులాడుకుంటారు, గట్టి అభ్యంతరం మిగలకపోతే కోడ్‌లో చేరుస్తారు, నోడ్ (లావాదేవీలను సరిచూసే సాఫ్ట్‌వేర్ నడిచే కంప్యూటర్) నడిపేవాళ్లు కొత్త కోడ్‌ను దించుకుంటే దించుకుంటారు, లేదంటే లేదు. టెజోస్‌లో బేకర్లు (టోకెన్లు పణంగా పెట్టి బ్లాకులు, అంటే లావాదేవీల కట్టలు, చేసేవాళ్లు) చైన్ మీదే, అంటే ఆ బ్లాకులు వరుసగా చేరే ఉమ్మడి చిట్టాలోనే, ఓటేస్తారు, నెగ్గిన మార్పు దానంతటదే అమల్లోకి వస్తుంది.

వేగంలో టెజోస్‌దే పైచేయి. 2019లో ఏథెన్స్ మొదలుకొని అప్‌గ్రేడ్లు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. బిట్‌కాయిన్‌లో సెగ్‌విట్ అనే అప్‌గ్రేడ్ (సంతకాల సమాచారాన్ని విడదీసి బ్లాకుల్లో చోటు పెంచేది) కోడ్ 2016 అక్టోబరుకే సిద్ధం. మైనర్ల (కంప్యూటర్ బలంతో బిట్‌కాయిన్ బ్లాకులు చేసేవాళ్ల) మద్దతు 95 శాతానికి చేరాలన్న నిబంధన దగ్గర నెలల తరబడి ఆగి, 2017 ఆగస్టులో గానీ అమలు కాలేదు. ఆలోగా పెద్ద బ్లాకులు కావాలన్నవాళ్లు బిట్‌కాయిన్ క్యాష్ పేరుతో వేరు కాపురం పెట్టేశారు.

అయినా నేను చూసేది వేగం కాదు. కాదన్నవాడి చేతిలో ఏం మిగులుతుంది?

2017 మేలో న్యూయార్క్ ఒప్పందాన్ని యాభైకి పైగా కంపెనీలు బలపరిచాయి. 80 శాతానికి మించిన మైనింగ్ బలం వాళ్ల వెనకే ఉంది. సెగ్‌విట్ తర్వాత బ్లాక్ సైజు పరిమితిని రెట్టింపు చేయాలన్నది పథకం. బలాబలాల లెక్కే అయితే ఆ రోజే తేలిపోయేది. కానీ డెవలపర్లలో ఎక్కువమంది ఒప్పుకోలేదు, నోడ్లు నడిపేవాళ్లలో చాలామంది ఆ సాఫ్ట్‌వేర్ జోలికే పోలేదు. నవంబరులో పథకం పెట్టినవాళ్లే విరమించుకున్నారు.

ఇక స్టీమ్, అంటే స్టీమిట్ అనే బ్లాగింగ్ సైట్ వెనకున్న బ్లాక్‌చైన్. బ్లాకులు చేసే విట్‌నెస్‌లను అక్కడ టోకెన్ల బరువుతో (ఎన్ని టోకెన్లుంటే ఓటుకు అంత బలం) ఎన్నుకుంటారు. 2020 మార్చిలో కొన్ని ఎక్స్ఛేంజీలు ఖాతాదారుల టోకెన్లతో ఓటేసి, స్టీమిట్ కంపెనీని అప్పుడే కొన్న, ట్రాన్ అనే క్రిప్టో నెట్‌వర్క్ స్థాపకుడు జస్టిన్ సన్ వైపువాళ్లను గెలిపించాయి. సొమ్మొకడిది, సోకొకడిది. పాతవాళ్లు అదే నెలలో హైవ్ పేరుతో ఫోర్క్ చేసుకుని (చైన్‌కు నకలు తీసి వేరు దారి పట్టి) బయటపడ్డారు. ఓటు కాపాడలేదు, తలుపు కాపాడింది.

టెజోస్‌లోనూ ఫోర్క్ చేసుకోవచ్చు కదా అంటారు. నిజమే. కానీ అక్కడ ఊరకున్నవాడు కొత్త నిబంధనల్లోకి వెళ్లిపోతాడు, బిట్‌కాయిన్‌లో ఊరకున్నవాడు పాతవాటి మీదే ఉంటాడు. (సాఫ్ట్ ఫోర్క్, అంటే పాత నిబంధనలను బిగించే మార్పు, అయితే పాత నోడ్ కూడా కొత్త చైన్ వెంటే నడుస్తుంది, కాబట్టి ఈ మాట పూర్తిగా వర్తించేది పాత నోడ్లు ఒప్పుకోని మార్పుకే, అంటే హార్డ్ ఫోర్క్‌కే.)

మిగతావి? డెక్రెడ్ అనే క్రిప్టో కరెన్సీలో, నాణేలు పెట్టి ఓటు టికెట్లు కొన్నవాళ్ల ఓట్లలో 75 శాతం రావాలి, శుభ్రంగానే ఉంది. ఎథీరియం ఓట్లు పెట్టకపోయినా, అక్కడ కొందరి మాటకు బరువెక్కువ.

తరచూ రూపు మార్చుకోవాల్సిన వేదికకు టెజోస్ దారే నయం, అందులో వాదన లేదు. దాచుకునే డబ్బు సంగతైతే నాకు ఆలస్యమే ఇష్టం. 2018 జనవరిలో ప్రతిపాదించిన టాప్‌రూట్ అనే బిట్‌కాయిన్ అప్‌గ్రేడ్ 2021 నవంబరులో అమలైంది. ఆ నాలుగేళ్లూ నా నోడ్ హాయిగానే నడిచింది.