జోహానెస్‌బర్గ్ కాన్‌స్టిట్యూషన్ హిల్: జైలు ఇటుకలతో కట్టిన కోర్టు చూసొచ్చాం

ఉబుంటు అంటే మనలో చాలామందికి కంప్యూటరే గుర్తొస్తుంది. నాకూ అంతే. ఇంజినీరింగ్‌లో మా ల్యాబ్ సిస్టమ్స్ అన్నిటిలో అదే ఉండేది, ముగ్గురు చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడ్డట్టుండే ఆ లోగోని నాలుగేళ్లు చూశాను కానీ ఆ పేరు ఎక్కడిదో ఒక్కసారి కూడా అడగలేదు. 2004లో దాన్ని తెచ్చిన మార్క్ షటిల్‌వర్త్ దక్షిణాఫ్రికా మనిషని, ఆ మాట జులూ, ఖోసా భాషలదని ప్రాజెక్టు మీద జోహానెస్‌బర్గ్ వచ్చాకే తెలిసింది. ఇక్కడ ఆ మాట ఎక్కడపడితే అక్కడ వినిపిస్తుంది, గెస్ట్‌హౌస్ బోర్డు మీద ఉంటుంది, ఆఫీసు ట్రైనింగ్ స్లైడ్‌లో ఉంటుంది, అందరం మంచిగా ఉందాం అన్నంత తేలిక అర్థంలో. అలా విని విని నాకు దాని మీద గౌరవం తగ్గిపోయింది. కాన్‌స్టిట్యూషన్ హిల్ చూశాక ఆ గౌరవం తిరిగొచ్చింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక మాట. మేం మొదటిసారి ఒక ట్రావెల్స్ వాళ్ల సిటీ ప్యాకేజీలో వెళ్లాం. అమ్మ తెనాలి నుంచి వచ్చింది, ఎండలో తిప్పడం ఎందుకని బస్సు ప్యాకేజీ తీసుకున్నాను. నలభై నిమిషాలు ఇచ్చి, ఫొటోలు దిగి వచ్చేయండి అన్నారు. టికెట్ కౌంటర్ దాటి రెండు గదులు చూసేసరికి డ్రైవర్ ఫోన్. దయచేసి ఆ తప్పు చేయకండి. వారం తర్వాత క్యాబ్ మాట్లాడుకుని మేమిద్దరమే మళ్లీ వెళ్లాం, ఈసారి పొద్దున వెళ్తే బయటికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది.

ఇది ఒకప్పటి జైలు. 1890ల్లో మొదలై 1983లో మూతపడింది. తెల్లవాళ్లను ఓల్డ్ ఫోర్ట్‌లో పెట్టేవారు, నల్లవాళ్లను నంబర్ ఫోర్ అనే చోట, ఆడవాళ్లకు వేరే జైలు. గాంధీని 1908 జనవరిలో మొదటిసారి తెచ్చింది ఇక్కడికే. మండేలా నల్లవాడైనా ఓల్డ్ ఫోర్ట్‌లోనే ఉన్నాడు, ఆయన భార్య విన్నీ మండేలా, ఉద్యమ నాయకురాలు ఆల్బర్టినా సిసులు ఆడవాళ్ల జైల్లో ఉన్నారు. ఈ పేర్ల కోసమే చాలామంది వస్తారు, తప్పులేదు. కానీ నంబర్ ఫోర్‌లో నన్ను ఆపేసినవి పేరు లేని మనుషుల గుర్తులు. ఖైదీలు తిండి తినే పెరడు, దానికి ఎదురుగానే తలుపుల్లేని మరుగుదొడ్లు. కూడు కూడా రంగును బట్టి, ఎవరికి ఎంత అనేది వేరు. అంత ఇరుకులో ఉండి కూడా వాళ్లు తమ దుప్పట్లను మడిచి, చుట్టి, బొమ్మలు చేసేవాళ్లట, సోఫా లాంటివి, యుద్ధ ట్యాంకు లాంటివి. అలాంటివి ఇప్పుడు గదిలో నేల మీద పెట్టి చూపిస్తున్నారు. మడత మడతకీ అంచు ఎంత తిన్నగా ఉందంటే, అమ్మ వంగి చూసి, ఇంత ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చిందిరా వీళ్లకి అంది.

అక్కణ్ణుంచి మెట్లు దిగి పక్కకి వస్తే దేశపు రాజ్యాంగ కోర్టు. పక్క ఊళ్లోనో వేరే కొండ మీదో కట్టలేదు, సరిగ్గా ఇక్కడే, విచారణ ఖైదీలను పెట్టే బ్లాకును పడగొట్టి, ఆ ఇటుకలతోనే కట్టారు. ఆ బ్లాకు మెట్ల టవర్లు నాలుగూ పడగొట్టకుండా అలాగే ఉంచారు. 2004 మార్చి 21న ప్రారంభించారు, 1960లో షార్ప్‌విల్‌లో నల్లజాతి నిరసనకారుల మీద పోలీసులు కాల్పులు జరిపిన రోజది. తలుపుల మీద హక్కుల పత్రంలోని 27 హక్కులు చెక్కి ఉంటాయి. లోపల హాల్లో స్తంభాలు నిటారుగా ఉండవు, చెట్ల మానుల్లా పక్కకి వాలి ఉంటాయి, వాటికి రంగు రంగుల మొజాయిక్. ఊరి పెద్దలు చెట్టు కింద కూర్చుని తగువు తీర్చే పాత పద్ధతికి గుర్తుగా అలా చేశారట, కోర్టు లోగో కూడా చెట్టు కింద చేరిన మనుషులే. మన రచ్చబండే కదా అంది అమ్మ. నేను చెప్పేలోపే అనేసింది.

కోర్టు హాల్లోకి వెళ్లాక ఎదురుగా పదకొండు మంది జడ్జీల బల్ల ఉంటుంది, ముందు భాగానికి ఆవు తోళ్లు తొడిగారు, ఏ రెండు తోళ్ల మచ్చలూ ఒకేలా ఉండవు. గోడకి అడ్డంగా ఒక సన్నటి పొడుగాటి కిటికీ ఉంది. దాంట్లోంచి బయట నడిచేవాళ్ల కాళ్లు మాత్రమే కనిపిస్తాయి. మేం కూర్చున్న ఐదు నిమిషాల్లో ఒక జత స్కూలు బూట్లు, ఒక చీపురు, మళ్లీ ఎవరివో చెప్పులు వెళ్లాయి. న్యాయం చెప్పేవాళ్ల తలల కంటే ఎత్తులో దారిన పోయేవాళ్ల పాదాలు ఉన్నాయి. నేను చూసిన కోర్టులన్నిట్లో జడ్జి గారు పైన ఉంటారు, మనం కింద. ఇక్కడ కాసేపు కూర్చుంటే మనసుకు ఏదో అవుతుంది, వెళ్లినవాళ్లు తప్పకుండా కూర్చోండి.

ఇక ఉబుంటు సంగతి. జులూలో ఒక సామెత ఉంది, ఉముంటు ఙ్గుముంటు ఙ్గబాంటు. మనిషి తోటి మనుషుల వల్లే మనిషి అని. వినడానికి మెత్తగా ఉంటుంది. 1993 తాత్కాలిక రాజ్యాంగం చివర్లో ఈ మాట చేర్చారు: అర్థం చేసుకోవడం కావాలి, పగ వద్దు, నష్టం పూడ్చడం కావాలి, ప్రతీకారం వద్దు, ఉబుంటు కావాలి, మనుషుల్ని బలిచేయడం వద్దు, అనే అర్థంలో. రెండేళ్లకి, 1995 జూన్ 6న, ఈ కోర్టు (అప్పటికి ఈ భవనం లేదు) మక్వన్యానే కేసులో ఉరిశిక్ష రద్దు చేసింది. ముద్దాయిలు ఇద్దరు, నాలుగు హత్యలు. జాలి పడే కేసు కాదు. అయినా పదకొండు మందీ ఒకే మాట మీద నిలబడ్డారు, యివాన్ మొక్గోరో, పయస్ లాంగా లాంటి జడ్జీలు ఉబుంటు పేరెత్తి మరీ రాశారు. హంతకుడు కూడా మనిషిగానే ఉంటాడు, వాడి ప్రాణాన్ని లెక్కలేకుండా తీసేస్తే తీసిన మనం తగ్గిపోతాం అని. ఇది తేలిక మాట కాదు. మన ఊళ్లో ఎవడైనా ఘోరం చేస్తే ముందు మన నోట వచ్చేది ఉరి తీయాలి అనే కదా, నా నోటా వచ్చింది చాలాసార్లు.

2004లో, ఈ భవనం తెరిచిన ఏడాదే, పోర్ట్ ఎలిజబెత్‌లో ఖాళీ స్థలంలో గుడిసెలు వేసుకున్నవాళ్లను ఖాళీ చేయించాలని మునిసిపాలిటీ వేసిన కేసు వచ్చింది. 29 గుడిసెలు, 68 మంది, అందులో 23 మంది పిల్లలు. వాళ్లు ఎక్కడికి పోవాలో తేల్చకుండా, వాళ్లతో కూర్చుని మాట్లాడకుండా వెళ్లగొట్టడం కుదరదని కోర్టు చెప్పింది, అక్కడా ఉబుంటు మాట వచ్చింది. స్లైడ్‌లో ఉండే ఉబుంటుకీ దీనికీ ఉన్న తేడా నాకు ఇక్కడ అర్థమైంది.

కానీ ఇదే మాట బాధితులను కూడా కట్టేసింది, అది చెప్పకపోతే సగమే చెప్పినట్టు. వర్ణవివక్ష పాలన నాటి నేరాలను విచారించడానికి ఆర్చ్‌బిషప్ డెస్మండ్ టూటూ నడిపిన సత్య, సయోధ్య కమిషన్‌లో, రాజకీయ కారణంతో చేసిన నేరం మొత్తం ఒప్పుకున్నవాళ్లు క్షమాభిక్ష అడగొచ్చు. ఏడు వేలకు పైగా అడిగారు, దొరికింది కొద్దిమందికే. 1977లో పోలీసుల చేతిలో చనిపోయిన నల్లజాతి ఉద్యమ నాయకుడు స్టీవ్ బికో కుటుంబం, ఇంకొన్ని కుటుంబాలు, మాకు కేసు వేసే హక్కు తీసేయొద్దని ఇదే కోర్టుకి వచ్చి 1996లో ఓడిపోయాయి. తీర్పు రాసింది ఇస్మాయిల్ మొహమ్మద్, మన దేశం నుంచి వలస వెళ్లిన కుటుంబం వాడే, 1993 నాటి ఆ మాటలనే ఆధారం చేసుకున్నాడు. పగ మానమని కోర్టు చెప్పింది సరే, మరి నష్టం పూడ్చడం? 2003లో ప్రభుత్వం ఒక్కో బాధితుడికి ఒకేసారి 30,000 రాండ్లు ఇస్తామంది, కమిషన్ సిఫార్సు చేసినదానికంటే అది చాలా తక్కువ. క్షమించేవాళ్లు క్షమించారు, ఇవ్వాల్సినవాళ్లు పూర్తిగా ఇవ్వలేదు. నాకు ఇక్కడ కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది.

కోర్టు ఆర్ట్ కలెక్షన్‌లో ఒక నీలం గౌను ఉంది. ప్లాస్టిక్ సంచులతో కుట్టింది. ఫిలా న్ద్వాండ్వే అనే ఉద్యమకారిణిని 1988లో సెక్యూరిటీ పోలీసులు పట్టుకుని, బట్టల్లేకుండా ఉంచి, నోరు విప్పలేదని చంపేశారు. ఆమె ఒక ప్లాస్టిక్ సంచినే ఒంటికి కట్టుకుందని చంపినవాళ్లే కమిషన్ ముందు చెప్పారు. అది రేడియోలో విని జుడిత్ మేసన్ అనే చిత్రకారిణి ఈ గౌను కుట్టింది. కింది అంచు మీద, ఆమెను సోదరీ అని పిలుస్తూ రాసిన అక్షరాలుంటాయి. దగ్గరగా చూస్తే అది మామూలు సంచే, కూరగాయలు తెచ్చుకునే లాంటిదే. అమ్మ చీర కొంగు భుజం మీదికి లాక్కుంది. ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు.

మనవాళ్లు చూడాల్సింది ఇంకొకటి ఉంది, అది గోడ మీద దొరకదు. ముఖద్వారం పైన కోర్టు పేరు పదకొండు భాషల్లో రంగురంగుల అక్షరాలతో ఉంటుంది, అందులో తెలుగు లేదు. కానీ రాజ్యాంగం ఆరో సెక్షన్‌లో, గౌరవించి పెంపొందించాల్సిన భాషల్లో తమిళం, హిందీ, గుజరాతీ, ఉర్దూలతో పాటు మన తెలుగు ఉంది, టెలెగు అని స్పెల్లింగ్‌తో. చెరకు తోటల్లో పనికి ఓడలెక్కి వచ్చిన మనవాళ్ల పుణ్యం అది. హాల్లో బెంచీ మీద కూర్చుని ఫోన్‌లో తీసి చూపిస్తే, అమ్మ కళ్లజోడు సవరించుకుని ఆ ఒక్క మాట మీద వేలు పెట్టి రెండుసార్లు చదివింది.

వెళ్లేవాళ్లకి: పెద్ద టూర్ తీసుకోండి, చిన్నది చాలదు. కోర్టు వైపు నిదానంగా మీరే తిరగండి, విచారణ ఉన్న రోజైతే ఎవరైనా లోపల కూర్చుని వినొచ్చు. మెట్లు చాలా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్తే మధ్యమధ్య ఆగుతూ నడవండి. పక్కనే హిల్‌బ్రో, నేరాలు ఎక్కువని పేరున్న పేట, అటు నడిచి వెళ్లకుండా క్యాబ్ గేటు దగ్గరికే పిలిపించుకోండి. పదేళ్ల లోపు పిల్లలకి నంబర్ ఫోర్ గదులు బరువుగా ఉంటాయి, వాళ్లను నేరుగా ఆ వాలు స్తంభాల హాల్లోకి తీసుకెళ్లి, ఆ కిటికీలో ఎవరి కాళ్లు వెళ్తున్నాయో లెక్కపెట్టమనండి.